ఆకుల బుట్టలో కంబళి

పోయిన వారం మోహనప్రియను ఉయ్యాల పక్కన నిలబెట్టి వచ్చాం. సోగత్తూరు ఇంట్లో మూడోసారి మందు కొట్టించి అప్పటికి నాలుగు రోజులు. మంచాలన్నీ ఎండలో వేసి, నులక సందుల్లో మరిగే నీళ్లు పోసి, ఇక నల్లుల పీడ విరగడైందని అందరూ అనుకున్నారు. ఈసారి ఒక్క నల్లి కనబడినా ఎనిమిది నెలల కీర్తికను ఎత్తుకుని టౌనులో వేరే కాపురం పెడతానని మోహనప్రియ తేల్చి చెప్పింది. మొగుడు జయప్రకాశ్ కూడా సరే అన్నాడు. ఆ మాట చెవిన పడినప్పటినుంచి అత్త చిక్కమ్మకు ముద్ద దిగడం లేదు. పెద్ద కొడుకు అంజప్ప పదిహేనేళ్ల కిందట తండ్రితో తగవు పడి లారీ ఎక్కి పోయినవాడు మళ్లీ రాలేదు. మిగిలింది జయప్రకాశ్ ఒక్కడే. వాడూ గడప దిగితే ఈ ఇంట్లో తనకు తోడు గోడలే.

అలాంటి పొద్దున పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఉయ్యాల గుడ్డ మడతలో మోహనప్రియ వేలికి మెత్తగా ఏదో తగిలింది.

అది నల్లే. కందిగింజంత ఉంది. కడుపు నిండా తాగి, ఆ బరువు మోయలేక, పాప చెవి వెనకనుంచి దిగి తీరిగ్గా పాకిపోతోంది. మోహనప్రియ దాన్ని గోటితో నొక్కింది. చిట్లి వేలిమీద ఎర్రగా పూసుకుంది. వెంటనే ఆ వాసన లేచింది. కుళ్లిన కొత్తిమీర, పాడైన బెల్లం కలిసినట్టుండే ఆ తీపి కంపు ఐదు నెలలుగా ఆమె ముక్కులోంచి పోలేదు. ఆ వాసన మూలంగా ఇంట్లో చారులో కొత్తిమీర వేయడం మానేశారు. పోపులో ఆవాలు చిటపటలాడుతుంటే అవి కదులుతున్నాయేమోనని వంగి చూసేది. తల దువ్వుకుంటే దువ్వెన చూసుకునేది. రోజుకు మూడుసార్లు నీళ్లు పోసుకున్నా ఒళ్లంతా ఏదో నడుస్తున్నట్టే ఉండేది. పక్క దుప్పటి తీస్తే పెన్ను చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు. అవి వాటి పెంట అని తెలిసిన రోజు ఆమె అన్నం ముందునుంచి లేచిపోయి దొడ్లో కక్కుకుంది.

పాప చెవి తమ్మె ఉబ్బి బూరెలాగా ఉంది. మెడ చుట్టూ వరసగా దద్దుర్లు.

జయప్రకాశ్ ఇంట్లో లేడు. పట్టుగూళ్లు ఆటోలో వేసుకుని పొద్దున్నే ధర్మపురి మార్కెట్టుకు బయలుదేరాడు. చిక్కమ్మ వాణ్ని సాగనంపడానికి రోడ్డుదాకా పోయింది. ఎవరు బయటికి పోతున్నా, వీధి చివరికే అయినా సరే, కనుమరుగయ్యేదాకా రోడ్డుమీద నిలబడి చూడడం ఆమెకు అలవాటు. అక్కడినుంచి ఆమె అంత తొందరగా రాదు.

మోహనప్రియ సెల్లు తీసి మాయాండిని పిలిచింది.

*

మాయాండి మందు కొట్టే మనిషి. హొగేనక్కల్ లాడ్జీలన్నీ అతని చేతిమీదే నడుస్తాయి. తెలుగు రాదు, మోహనప్రియ అతనితో తమిళంలోనే మాట్లాడుతుంది. పాత టీవీఎస్ బండికి ఒకవైపు పంపు, ఇంకోవైపు గంధకం డబ్బా వేలాడదీసుకుని అరగంటలో వచ్చాడు.

“ఏం తాయీ, చుట్టాలు మళ్లీ దిగినారా?”

“నవ్వులాటగా ఉందా నీకు? పాప చెవి చూడు.”

మాయాండి చూసి నవ్వు ఆపేశాడు. “అయ్యో కణ్ణూ,” అని పాప కాలు ముట్టుకోబోయి, తన చేతులకు మందు ఉంటుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మాట్లాడకుండా పని మొదలుపెట్టాడు. తలపిన్నుతో మంచం కోళ్ల సందులన్నీ గీకాడు. క్యాలెండరు వెనక చూశాడు. స్విచ్చి పెట్టె ఊడదీసి చూశాడు. ఉయ్యాల తాడు ముడి విప్పి చూశాడు. చివరికి గచ్చుమీద గొంతుక్కూర్చుని తల అడ్డంగా ఊపాడు.

“మంచాల్లో, గోడల్లో గుడ్డు లేదు, గూడు లేదు. నా మందు పని చేసింది.”

“మరి ఇది ఆకాశంలోంచి రాలిందా?” మోహనప్రియ తన వేలు చూపించింది. ఎర్రమచ్చ ఇంకా ఆరలేదు.

“మూట్టపూచ్చికి,” నల్లిని అతను అలాగే అంటాడు, “రెక్కలు లేవు తాయీ. అది మనిషి సామానెక్కి వస్తుంది. లాడ్జీల్లో దినమూ చూస్తాను కదా, ఒకరి పెట్టెలో దిగుతుంది, ఇంకొకరి పెట్టెలో పోతుంది. టిక్కెట్టు లేని ప్రయాణం. నీ ఇంట్లోకి దినమూ బయటినుంచి వచ్చి పోయే సామాను ఏదో ఉంది. దాన్ని పట్టుకో. లేదంటే నేను ముప్పైసార్లు కొట్టినా ఇంతే.” అతను లేచి చేతులు దులుపుకున్నాడు. “ఇంకో మాట. తిండి దొరకని మూట్టపూచ్చి ఊకపొట్టు మాదిరి పల్చగా ఉంటుంది. అట్లే నెలల తరబడి బతుకుతుంది. ఇట్ల ఎర్రగా ఉబ్బిందంటే నిన్నో ఈ పొద్దో మనిషిని తాగినట్టే. ఆ వెనక షెడ్డు చూసినారా?”

ఇంటి వెనక దొడ్డి చివర పట్టుపురుగుల షెడ్డు. వెదురు తట్టల్లో పురుగులున్నంత కాలం అక్కడ మందు వాసన తగలకూడదు, తగిలితే పంటంతా చచ్చి ఊరుకుంటుంది. అందుకని మూడుసార్లూ ఇల్లు మాత్రం కొట్టి షెడ్డు వదిలేశారు. అది చిక్కమ్మ రాజ్యం. కాళ్లు కడుక్కోనిదే ఎవర్నీ రానివ్వదు. పాలిచ్చే తల్లి వాసన పురుగులకు పడదని కోడలిని ఐదు నెలలుగా గుమ్మం కూడా తొక్కనివ్వలేదు.

“నిన్ననే గూళ్లు ఏరేసినారు. ఖాళీగా ఉంది,” అంది మోహనప్రియ. “కానీ అత్తను అడగాల.”

“అడుగు. నేను బీడీ కాల్చుకుంటాను.”

మందు కొట్టించినప్పుడల్లా అడిగింది, మూడుసార్లు. మూడుసార్లూ చిక్కమ్మది ఒకటే మాట: షెడ్డు జోలికి రావద్దు. మోహనప్రియ చంకలో పాప మళ్లీ చెవి గీక్కుంటోంది, గోరు తగిలి నెత్తురు చిమ్మింది.

“ఎవర్నీ అడగక్కర్లేదు. నేను చెప్తున్నాను. పెట్టు.”

“ముందు కిటికీలోంచి గంధకం పొగ పెడతాను. ఆ పొగ మనిషి పీల్చేది కాదు. బిడ్డను పట్టుకుని నువ్వు అటు రావద్దు, సరేనా?”

మాయాండి డబ్బా ఉన్న బండిని తోసుకుంటూ వెనక్కి నడిచాడు.

*

మోహనప్రియ పాపను పక్కింట్లో పడుకోబెట్టి వచ్చింది. దినమూ బయటినుంచి వచ్చి పోయే సామాను. జయప్రకాశ్ సంచి? దాన్ని ఎప్పుడో ఉడకబెట్టింది. పాల చెంబు? చెప్పులు? ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ అత్త పడుకునే గదిలోకి వచ్చి ఆగిపోయింది.

మంచం కింద ఆకుల బుట్ట ఉంది.

మల్బరీ ఆకు మోసే పెద్ద వెదురు బుట్ట. పైన గోనెపట్టా కప్పి ఉంది. పురుగులున్న రోజుల్లో చిక్కమ్మ పొద్దున్నే షెడ్డునుంచి ఆ బుట్ట తెచ్చి మంచం కింద పెట్టుకునేది, చీకటి పడేముందు మళ్లీ తీసుకుపోయేది. ఆకు వాడిపోకుండా గోనె కప్పింది అనుకునేవాళ్లు ఇంట్లో. ఎవరూ ఎప్పుడూ ఎత్తి చూడలేదు.

కానీ నిన్న పంట అయిపోయింది. పురుగులు లేవు, ఆకూ లేదు. మరి బుట్ట ఎందుకొచ్చింది?

మోహనప్రియ కాలితో దాన్ని బయటికి లాగింది. గోనె కొస పట్టుకుని ఎత్తింది.

అడుగున నల్లటి కంబళి మడత పెట్టి ఉంది. మొదట ఆమెకు ఏమీ కనబడలేదు. కంబళి మసకగా కదిలినట్టు మాత్రం అనిపించింది. వంగి చూసింది. కుట్టు వెంబడి, అంచు వెంబడి, ప్రతి మడతలో గింజలు ఆరబోసినట్టు నల్లులు. చిన్నవి, పెద్దవి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, వెలుతురు పడేసరికి తోసుకుంటూ లోపలి మడతల్లోకి దూరుతున్నాయి. వాటి మధ్య నువ్వుపప్పులా తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. ఖాళీ పెంకులు పొట్టులా రాలుతున్నాయి. ఆ కొత్తిమీర కంపు గుప్పున మొహానికి కొట్టింది. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ బుట్ట పైన, ఈ మంచంమీద, అత్త పక్కలో తన బిడ్డ ఎన్ని మధ్యాహ్నాలు నిద్రపోయిందో!

“ముట్టుకోవద్దే!”

గుమ్మంలో చిక్కమ్మ. రోడ్డునుంచి నడిచొచ్చి ఆయాసపడుతోంది.

“ముట్టుకునేదా? చూస్తేనే కక్కొస్తుంది నాకు. ఏంది అత్తా ఇది?”

“పాత కంబళి.”

“ఎవరిది?”

చిక్కమ్మ వచ్చి బుట్ట పక్కన కూలబడింది. చేత్తో కంబళి కొస సవరించింది. రెండు నల్లులు ఆమె మణికట్టుమీదికి ఎక్కాయి. ఆమె వాటిని దులుపుకోను కూడా లేదు. కంబళి మూలన ఎర్ర ఉన్నితో వేసిన చిన్న పువ్వు కనబడింది. ఆ పువ్వు గురించి మోహనప్రియ విని ఉంది. చెవులు కుట్టించిన రోజు అంజప్పకు నేయించిన కంబళి.

“ఇది కావేరిలో పోయింది కదా!” అంది మోహనప్రియ. “నా కండ్ల ముందరే ఆయన వదిలినాడు కదా!”

రెండేళ్ల కిందటి మాట అది. పెళ్లయి ఏళ్లు గడిచినా జయప్రకాశ్‌కు పిల్లలు లేరు. పెద్దవాని సంగతి తేల్చనిదే ఈ ఇంట్లో ఉయ్యాల కట్టరని కులపెద్దలు చెప్పారు. పన్నెండేళ్లు దాటినా జాడ తెలియని మనిషికి దర్భలతో బొమ్మ చేసి, ఆ బొమ్మకు కర్మ జరిపించడం వాళ్లలో ఉంది. హొగేనక్కల్ రేవులో జయప్రకాశ్ మీసం తీయించుకుని, అన్న పేరు చెప్పి నీళ్లు వదిలాడు. అంజప్ప వాడిన కంబళిని ఏట్లో విడిచాడు. అప్పటినుంచి అంజప్ప చచ్చినవాని కిందే లెక్క. ఎప్పుడైనా తిరిగొచ్చినా ఆ గడప తొక్కకూడదు, తొక్కితే ఇంట్లో పుట్టే బిడ్డకు కీడని పెద్దలు మరీ మరీ చెప్పి పంపారు. మరుసటి ఏడు కీర్తిక పుట్టింది.

“కొత్త గుడ్డలో చుట్టి ముడేసి నేనే కదా తెచ్చినాను,” అంది చిక్కమ్మ. “విప్పి చూసిందెవరు? అది వేరేది. ఎద్దుమీద కప్పే కంబళి.”

“ఎద్దుదా!”

“మీ మామ పోయినప్పుడు ఆయన కంబళి కాటికి పోయింది. నేనే ఇచ్చినాను. ఆయన్ని నా కండ్లతో చూసినాను, ఇచ్చినాను. వీణ్ని చూడలేదే నేను! గడ్డి బొమ్మను చూపించి ఇదే నీ కొడుకు, ఏడువు అంటే ఎట్ల ఏడిచేది? లారీ ఎక్కేటప్పుడు వాడు ఒకసారి తిరిగి చూసినాడు. నేను చెయ్యి ఎత్తలేదు, మీ మామ పక్కన ఉన్నాడని. వాడు చూసినాడు, నేను ఊరికే నిలబడినాను.”

ఇంకో రోజయితే మోహనప్రియ మనసు కరిగేదే. కానీ ఆమెకు తన పరుపు గుర్తొచ్చింది. ఐదు నెలల కిందట బాలింతగా తొప్పూరు పుట్టింటినుంచి వస్తూ ఆమె బూరుగుదూది పరుపు తెచ్చుకుంది. వాళ్లమ్మ ఒక్కో గింజా ఏరి, తన చేత్తో కుట్టిన పరుపు. వచ్చిన వారానికే ఇంట్లో మొదటి నల్లి కనబడింది. చిక్కమ్మ ఆ పరుపును వీధిలోకి ఈడ్చి, పదిమంది ఆడవాళ్లు చూస్తుండగా కిరసనాయిలు పోసి కాల్చింది. “తొప్పూరు వాళ్లింట్లో ఎట్ల బతుకుతారో!” అని ఎవరో అంటే నవ్వులు లేచాయి. ఆ రోజునుంచి మోహనప్రియ పుట్టింటి మొహం చూడలేదు. వాళ్లమ్మ ఫోను చేస్తే పరుపు బాగుందా పాపా అని అడుగుతుంది. బాగుందనే చెబుతోంది.

“అత్తా, మా అమ్మ పరుపు కాల్చినప్పుడు ఈ కంబళి మీ మంచం కిందనే ఉందా?”

చిక్కమ్మ కంబళి అంచును మళ్లీ మడత పెట్టింది.

“చెప్పండి. నల్లులు దీంట్లోవని మీకు తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“తెలిసే కాల్చినారా?”

“తెలిసే. ఇల్లంతా వెదుకుదామన్నాడు జయ. వెదికితే ఇది బయటపడుతుంది. నీ పరుపు మీదికి తోస్తే వెదకడం ఆగింది.” “తప్పే మోహనా. పాపం చేసినాను.”

మోహనప్రియ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ క్షణంలో నల్లుల కన్నా ఎక్కువగా ఆ ముసలిచేతులను చూస్తే ఆమెకు వెలపరం పుట్టింది. ఈ చేతులతోనే పాపకు నూనె రాసింది. ఈ చేతులతోనే దద్దుర్లకు పసుపు పెట్టి, పుట్టింటి దరిద్రం వదల్లేదే అని సణిగింది.

“లేవండి,” అంది. “ఇది ఇప్పుడే పొయ్యిలో పడాల. ఆయన వచ్చేలోపల బూడిద కావాల. మీరు దీన్ని కాల్చినారంటే నేను ఎవరికీ చెప్పను. మేం ఇల్లు విడిచి పోము. కాల్చకపోతే మాత్రం సాయంత్రం వ్యాను వస్తుంది. మీ చిన్న కొడుకు, మనవరాలు ఇద్దరూ పోతారు. రోడ్డుమీద నిలబడి చూస్తురుగాని.”

చిక్కమ్మ నేలకు చెయ్యి ఆనించి లేచింది. బుట్ట ఎత్తుకుని దొడ్లోకి నడిచింది. నీళ్ల పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. ఆమె కంబళి తీసి రెండు చేతులమీద పరిచింది. ఎర్ర పువ్వున్న మూలను నిప్పులకు దగ్గరగా తెచ్చింది. ఉన్ని కమిలిన వాసన, నల్లులు చిటపటమని మాడిన వాసన కలిసి లేచాయి. ఆమె చటుక్కున చేతులు వెనక్కి లాక్కుని కంబళిని గుండెకు అదుముకుంది.

“ఈ ఒక్క రాత్రికి వదిలెయ్యి మోహనా. నీ కాళ్లు పట్టుకుంటాను. రేపు నేనే కాలుస్తాను.”

“ఈ రాత్రికి అంత చలి వేస్తుందా మీకు?”

“నాకు కాదు.”

అన్నాక చిక్కమ్మ నోరు మూసుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది.

మోహనప్రియ అసహ్యం మరిచిపోయి చెయ్యి చాచి కంబళి పట్టుకుంది. పదిహేనేళ్లు మూల పడి ఉన్న ఉన్ని పొడిగా, మట్టి వాసనతో ఉండాలి. ఇది తడిగా ఉంది. వేడిగా, జిగటగా, జ్వరం విడిచిన ఒంటి చెమట వాసన వేస్తోంది. పొద్దున అత్త మిరియాలు వేసి గంజి కాచింది. ఎవరికని అడిగితే నాకే, ఒళ్లు బాగాలేదంది. ఆ చెంబు తీసుకుని దొడ్లోకే పోయింది. చెంబు తిరిగి రాలేదు.

ఒక నల్లి ఆమె బొటనవేలిమీదికి ఎక్కింది. నొక్కింది. ఎర్రగా చిట్లింది. తాజా నెత్తురు.

తిండి దొరకని నల్లి ఊకపొట్టులా ఉంటుందన్నాడు మాయాండి. ఇవన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్కటీ ఖాళీ కడుపుతో లేదు.

“దీంట్లో ఎవరు పండుకుంటున్నారు అత్తా?”

చిక్కమ్మ కళ్లు మోహనప్రియ భుజంమీదుగా దొడ్డి చివరికి పోయాయి. షెడ్డు పక్కన టీవీఎస్ బండి నిలబెట్టి ఉంది. ఆమె ముక్కుపుటాలు కదిలాయి. అప్పటిదాకా నల్లుల కంపులో తెలియని ఇంకో వాసన, గొంతు పట్టేసే ఘాటు, గాలిలో తేలి వస్తోంది.

“ఆ బండి ఎవరిది? ఏం చేస్తున్నారు అక్కడ?”

“మాయాండి. షెడ్డుకు గంధకం పొగ పెట్టమన్నాను.”

అప్పుడే మాయాండి తలగుడ్డతో ముక్కు మూసుకుని, దగ్గుకుంటూ వచ్చాడు. “తాయీ, కిటికీలోంచి చీకట్లోకి ఒక గంధకం చట్టి దించి మూసేసినాను. రెండోది పెడదామని తలుపు తోస్తే రావడం లేదు. బయట తాళం కూడా లేదు.” అతను అయోమయంగా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఖాళీ షెడ్డు అన్నావు కదా. మరి లోపలినుంచి గొళ్లెం ఎవరు వేసినారు?”

కంబళి చిక్కమ్మ చేతుల్లోంచి జారి నేలమీద పడింది. ఆమె దాన్ని తొక్కుకుంటూ పరుగెత్తింది. ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా ఎవరూ ఎలుగెత్తి పిలవని పేరును, నీళ్లు వదిలేసిన పేరును, ఊరంతా వినేలా అరుస్తూ పరుగెత్తింది.

“అంజా! తలుపు తియ్‌రా! అంజా!”

తలుపు కింది సందులోంచి తెల్లటి పొగ పాములా బయటికి వస్తోంది. పెట్టమని చెప్పింది మోహనప్రియే. ముసలామె రెండు పిడికిళ్లతో తలుపు బాదుతోంది.

లోపల గొళ్లెం కదల్లేదు.